పీడీఎఫ్ మీ పుస్తకాన్ని చంపలేదు మాస్టారూ

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెబుతాను. ఈయన గుంటూరులో చరిత్ర లెక్చరర్. గ్రూప్-2 రాసేవాళ్ల కోసం తెలుగు మీడియంలో 320 పేజీల ఆంధ్ర చరిత్ర పుస్తకం సొంత డబ్బుతో వేసుకున్నారు. మొదటి ముద్రణ వెయ్యి కాపీలూ అయిపోయాయి. 2024 అక్టోబరులో 1,25,000 రూపాయలు పెట్టి రెండో ముద్రణ రెండు వేలు వేశారు. వెల 250. నవంబరులో ఎవరో పుస్తకం మొత్తం స్కాన్ చేసి, పదకొండు వేల మంది ఉన్న ఒక టెలిగ్రామ్ ఛానల్‌లో పీడీఎఫ్ పెట్టేశారు. ఇప్పుడు ఇంట్లో 1,300 కాపీలు మిగిలాయి. ఈలోగా ఒక యాప్ కంపెనీ వచ్చి 'డిజిటల్ హక్కులన్నీ శాశ్వతంగా' రాసిస్తే 75,000 ఇస్తామంటోంది. తీసుకోవాలా, అసలు ఈ రోజుల్లో కాపీరైట్‌కి విలువుందా అని మీ ప్రశ్న.

నేను విజయవాడ ఏలూరు రోడ్డులో ముప్పై నాలుగేళ్లుగా పుస్తకాలు వేస్తున్నాను, వేరేవాళ్లవి అమ్ముతున్నాను. లాయర్ని కాను. దెబ్బలు తిని నేర్చుకున్నది చెబుతాను, సంతకం పెట్టే ముందు మాత్రం ఒక లాయర్‌కి చూపించండి.

మొదట మీ లెక్కే చూద్దాం. మీరు రాసిన ప్రకారం అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా 640 కాపీలు పోయాయి. మార్చి నుంచి ఇప్పటిదాకా 60. అంటే పీడీఎఫ్ బయటికొచ్చాక కూడా మూడు నెలలకు పైగా పుస్తకం బాగానే కదిలింది. మరి మార్చిలో ఏమైంది? మీకు నాకంటే బాగా తెలుసు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయ్యాయి, మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. మెయిన్స్ అయిపోయిన మర్నాటి నుంచి మీ పుస్తకం ఎవరికి కావాలి? మీ 1,300 కాపీలను ఆపింది టెలిగ్రామ్ కాదు, పరీక్ష తేదీ. ఆ పీడీఎఫ్ లేకపోతే ఇంకో వంద, రెండు వందలు పోయేవేమో. రెండు వేలూ పోయేవి కావు. రెండు వేలు వేయడం మీ తప్పు, అలాంటి తప్పు నేను పాతికసార్లు చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

పదకొండు వేల మంది ఛానల్ అంటే పదకొండు వేల పుస్తకాల నష్టం అని గుండెలు బాదుకోకండి. ఆ ఛానళ్లలో ఉండేవాళ్లు కనబడిన ప్రతి ఫైలూ దించుకుంటారు, ఫోన్ నిండిపోతే తీసేస్తారు. వాళ్లలో చాలామంది 250 పెట్టి కొనేవాళ్లే కాదు. కొనేవాడు వేరు. గది అద్దె, మెస్ బిల్లు కట్టుకుంటూ, పుస్తకంలో గీతలు గీసుకుని, అంచుల్లో రాసుకుని చదివే కుర్రాడు వాడు. వాడికి కాగితమే కావాలి.

ఇక డబ్బు లెక్క. 250 వెలలో షాపుకి, డిస్ట్రిబ్యూటర్‌కి కలిపి 40 శాతం పోతే మీ చేతికి 150 వస్తుంది. 700 కాపీలకి 1,05,000. ఇంకో 134 అమ్ముడైతే మీ అసలు మీకొచ్చేస్తుంది. అదీ షాపులవాళ్లు డబ్బు ఇస్తేనే అనుకోండి. మా వ్యాపారంలో తొంభై రోజుల అరువంటే ఆరు నెలలు, 'అమ్మితే డబ్బు, లేకపోతే పుస్తకం వాపసు' అంటే మూలలు నలిగిన పుస్తకం వాపసు. మీ లక్షా పాతికలో కంపోజింగ్, ప్రూఫులు, కవరు డిజైను కలిపి ఓ 35 వేలు ఉంటుంది. అది ఒక్క కాపీ వేసినా పడే ఖర్చే. మిగతా 90 వేలు ప్లేట్లు, కాగితం, ప్రింటింగ్, బైండింగ్. డిజిటల్ వచ్చాక మాయమైంది ఆ 90 వేలు మాత్రమే. ఆ 35 వేలు అలాగే ఉంది. మీరు నాలుగేళ్లు రాత్రుళ్లు కూర్చుని రాసిన కష్టం కూడా అలాగే ఉంది. దాన్ని మీరు లెక్కలో వేసినట్టు లేరు.

వెనకటికి బ్రాడీపేటలో జిరాక్స్ షాపులవాళ్లు మా గైడును స్పైరల్ బైండింగ్ చేసి సగం ధరకి అమ్మేవాళ్లు. ఒళ్లు మండేది. కానీ వాళ్లకీ పేజీకి ఇంత అని ఖర్చుండేది. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు మసకబారేవి. ఆ ఖర్చు, ఆ మసక, మాకు తెలియకుండానే మా కాపీరైట్‌ని కొంత కాపలా కాశాయి. ఇప్పుడు వెయ్యో కాపీ మొదటి కాపీ అంత తేటగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. కాపీలో డబ్బు పోయింది. ఇది ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

మరి డబ్బు ఎక్కడికి పోయింది? దీనికి పుస్తకాల కంటే సినిమా బాగా జవాబు చెబుతుంది. మా మేనమామ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవాడు. పెట్టెతో పాటు ఊరూరూ తిరగడం, హాలు దగ్గర నిలబడి టిక్కెట్లు లెక్కెట్టడం, రాత్రికి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, రాసి పంపడం ఆయన పని. పెట్టె అంటే రీళ్లున్న పెట్టె. ఒక ప్రింటు తీయడం ఖరీదైన వ్యవహారం కాబట్టి కృష్ణా ఏరియా మొత్తానికి పట్టుమని పది పెట్టెలు కూడా ఉండేవి కావు. బెజవాడలో యాభై రోజులాడాక ఆ పెట్టె గుడివాడో నూజివీడో పోయేది, అక్కణ్ణుంచి తిరువూరు, మైలవరం. ఆఖరి ఊరు చేరేసరికి తెర మీద వాన కురుస్తున్నట్టు గీతలు. అయినా జనం వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆ ఊళ్లో ఆ సినిమా చూడటానికి వేరే దారి లేదు. పెట్టెలు తక్కువ కాబట్టే సినిమా ఏడాదిపాటు సంపాదించేది.

తర్వాత రీళ్లు లేకుండా డిజిటల్‌లో బొమ్మ వేసే క్యూబ్, యూఎఫ్‌ఓ వచ్చాయి. పెట్టె పోయింది. ఒకే రోజు, ఒకే ఆటకి సీ సెంటర్‌లో, అంటే చిన్న ఊళ్ల హాళ్లలోనూ కొత్త బొమ్మ. ప్రింట్ల ఖర్చు తగ్గింది కదా, లాభం పెరగాలి కదా? ఏం జరిగిందో చూడండి. యాభై రోజుల ఆట పది రోజులకి కుంచించుకుపోయింది. మొదటి మూడు రోజుల్లో వచ్చిందే డబ్బు. అందుకే ఆ మొదటి రోజులకి టిక్కెట్ ధర పెంచుకోనివ్వమని ప్రభుత్వం చుట్టూ తిరుగుతారు, కొన్ని వారాలకే ఓటీటీకి ఇచ్చేస్తారు. ఏరియా హక్కులు అమ్ముకునే పాత పద్ధతి పక్కన శాటిలైట్, డిజిటల్, డబ్బింగ్ అని హక్కును ముక్కలు చేసి అమ్మడం నేర్చారు. కాపీ కొరత పోయాక వాళ్లు కాలాన్ని అమ్మారు, హక్కును ముక్కలుగా అమ్మారు. నిర్మాతలు మనకంటే తెలివైనవాళ్లని కాదు. వాళ్ల అప్పులు పెద్దవి, త్వరగా నేర్చుకోక తప్పలేదు.

మీ పుస్తకం కూడా అంతే. పరీక్షకి ముందు నాలుగు నెలలు దాని విలువ వేరు, తర్వాత వేరు. ఆ నాలుగు నెలలే మీకు సినిమా మొదటి మూడు రోజుల్లాంటివి. రెండోది, మీరే చెప్పాల్సినవి ఉంటాయి. కొత్త సిలబస్‌కి తగ్గ మార్పులు, పాత ప్రశ్నపత్రాల మీద మీ వివరణ, 'మాస్టారూ, ఇక్కడ రెండు ఆప్షన్లూ కరెక్టే కదా' అని అడిగిన కుర్రాడికి మీ జవాబు. ఇవి పీడీఎఫ్‌లో దొరకవు. గత ఏడాది ముద్రణ స్కాన్ అయితే అసలే దొరకవు.

ఇప్పుడు ఆ 75,000 సంగతి. మీరు ఆ కంపెనీ ఒప్పందం కాగితం ఫోటో పెట్టి మంచి పని చేశారు. అందులో నాకు కంట్లో పడ్డ వాక్యం ఇది: 'ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాలలో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా'. ఈ ఒక్క వాక్యం ఖరీదు 75 వేలు కాదు.

నా కథ చెబుతాను. 2009లో పిల్లల కోసం శతక పద్యాలకి తేలిక తాత్పర్యాలు రాయించి ఒక పుస్తకం వేశాం. రాసింది నేనూ, మా బావగారూ. ఒక కంపెనీ వచ్చి సీడీ చేస్తాం, ఎలక్ట్రానిక్ హక్కులివ్వండి అంది. ఎనిమిది వేలు ఇచ్చారు. సీడీ అంటే ఎన్ని అమ్ముతారులే అని అన్ని పేజీల మీదా సంతకం పెట్టాను. 'శాశ్వతంగా' అని ఉంది, చూశాను కూడా. సీడీ మూడు వందలైనా అమ్ముడైందో లేదో. తర్వాత స్మార్ట్ ఫోన్లొచ్చాయి, యూట్యూబ్ ఇంటింటికీ చేరింది. మా తాత్పర్యాలు బొమ్మలతో వీడియోలై, ప్రకటనలతో ఇవాళ్టికీ ఆడుతున్నాయి. మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో యూట్యూబ్ 55 శాతం పెట్టినవాళ్లకి ఇస్తుంది. అది ఎవరికి పోతోందో నాకు తెలుసు, నాకు మాత్రం రాదు. మా మనవరాలు ఆ వీడియో చూస్తూ అన్నం తింటుంటే మా ఆవిడ నా వంక చూసి నవ్వుతుంది. ఆ ఎనిమిది వేలతో అప్పట్లో ఇంటికి ఇన్వర్టర్ కొన్నాను. అది పాడై కూడా చాలా ఏళ్లయింది.

నాలాంటివాళ్లు, ముఖ్యంగా సినిమా పాటలు రాసినవాళ్లు, ఇలా మోసపోతున్నారనే 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. 1957 నాటి చట్టం అది. సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని లేదా వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, ఆ మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేరుపెట్టి రాస్తే తప్ప. అందుకే మీ కాగితంలో 'ఇకపై రాబోయే' అని ముందే ఇరికించారు. అది కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి గొడవ. మీకెందుకు ఆ టెన్షన్? కొట్టేయండి. ఇంకో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అది తిరిగి మీకే వస్తుంది. చట్టం ఏమీ రాయనివాడి వైపు ఉంది, 'శాశ్వతంగా' అని రాసి సంతకం పెట్టినవాడికి మాత్రం పెద్దగా సాయం చేయలేదు.

ఎంతకాలం అన్నది చిన్న విషయం కాదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మీ గుంటూరులోనే 1971లో కన్నుమూసిన జాషువాగారి రచనల మీద హక్కులు 2031 చివరి దాకా ఉంటాయి. మీకు నలభై ఐదేళ్లు అన్నారు. మీ మనవలు ముసలివాళ్లయ్యే దాకా ఉండే ఆస్తిని, బందరు రోడ్డులో సెకండ్ హ్యాండ్ బండి కూడా సరిగ్గా రాని డబ్బుకి రాసిస్తున్నారు.

వాళ్లకి ఏం చెప్పాలి? యాప్‌లో చదువుకునే పాఠ్యం హక్కు మాత్రమే, రెండేళ్లకి, ఇంకొకరికి కూడా ఇచ్చే స్వేచ్ఛ నాకుంటుంది అనండి. ఆడియో, వీడియో, టెస్టులు, అనువాదం దేనికది వేరే కాగితం. ఈమధ్య ఏఐకి నేర్పించడానికి వాడుకుంటామని ఒక చిన్న గీత పెడుతున్నారు, అదీ వేరే కాగితమే. ముందు ఓ ముప్పై వేలు తిరిగి ఇవ్వక్కర్లేని అడ్వాన్సు, ఆపైన అమ్మకంలో సగం, మూడు నెలలకోసారి లెక్క. ప్లే స్టోర్ కోత ఎక్కువ అంటారు. గూగుల్ 2021 జులై నుంచి ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా 15 శాతమే తీసుకుంటోంది అని చెప్పండి, నోరు మూతపడుతుంది. 99 రూపాయలకి అమ్మి సగం మీకిస్తే, 75 వేలు రావడానికి 1,516 మంది కొనాలి. మొన్నటి గ్రూప్-2లో మెయిన్స్‌కి అర్హత పొందినవాళ్లే 92,250 మంది. నూటికి ఇద్దరు కూడా కాదు. ఒక్క నోటిఫికేషన్‌లోనే. ఒప్పుకోకపోతే వదిలేయండి. మీ దగ్గర పుస్తకం ఉంది, వాళ్ల దగ్గర ఖాళీ యాప్ ఉంది.

మీరే అమ్ముకోవడం గురించి. ఇది పదిహేనేళ్ల కిందట అడిగితే వద్దనేవాణ్ణి. అప్పుడు పుస్తకం అందుకునేటప్పుడు డబ్బు కట్టే వీపీపీ, మనియార్డరు, పోస్టాఫీసు చుట్టూ తిరుగుడు. ఇప్పుడు యూపీఐలో 49 రూపాయలు వచ్చినా 49కి 49 మీ ఖాతాలో పడుతుంది. చిన్న మొత్తాలకి అమ్మడం అనేది మన చిన్న ప్రచురణకర్తలకి డిజిటల్ ఇచ్చిన నిజమైన వరం అని నా అభిప్రాయం. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ పైరసీ గురించే ఏడుస్తారు. అధ్యాయం వారీగా అమ్మండి, శాతవాహనులు ఒకటి, స్వాతంత్ర్యోద్యమం ఒకటి. ప్రతి పీడీఎఫ్ పేజీ కింద కొన్నవాడి పేరు, ఫోన్ నంబరు సన్నగా పడేలా చేయించండి. ఫైల్‌కి పాస్‌వర్డ్ లాంటి తాళాలు వేయొద్దు. తాళం డబ్బు కట్టినవాణ్ణే ఇబ్బంది పెడుతుంది, దొంగకి అరగంట పని. తన నంబరున్న ఫైల్‌ని ఛానల్‌లో పెట్టడానికి మాత్రం కుర్రాళ్లు వెనకాడతారు.

కానీ ఒక చిక్కుంది. మీ పుస్తకం మన డీటీపీవాళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసి ఉంటారు. ఆ ఫైల్ ప్రింటుకి తప్ప దేనికీ పనికిరాదు. ఫోన్‌లో వెతికితే 'గౌతమీపుత్ర' దొరకదు, అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకి పోతుంది. ఏ ఫోన్‌లోనైనా చదవడానికి, వెతకడానికి వీలయ్యే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని అంకెలు గల్లంతవుతాయి. చరిత్ర పుస్తకంలో అంకె గల్లంతైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి. దానికి పదీ పదిహేను వేలు, ఒక నెల పెట్టుకోండి. తెలుగుకి ఈ తిప్పలు ఎప్పుడూ ఉన్నవే. 2016లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చారు, మనల్ని వదిలేశారు. ఇంకో వింత, అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, అచ్చయిన పుస్తకం తాలూకు ఈ-బుక్‌కి 5 శాతం, అచ్చు లేకుండా ఈ-బుక్ మాత్రమే అయితే 18. అందుకని కూడా కాగితం మానొద్దు. ఈసారి మూడు వందలే వేయండి, డిజిటల్ ప్రింటింగ్‌లో. కాపీకి ఖర్చు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి, ఇంట్లో మంచం కింద ఉండవు. పోస్టులో పంపేటప్పుడు పాత రేట్లు లెక్కేసుకోకండి, రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని 2024 డిసెంబరులో ఎత్తేశారు. గుంటూరు, బెజవాడ, ఒంగోలు వరకు ఆర్టీసీ పార్సిలే నయం.

టెలిగ్రామ్ ఛానల్ మీద ఫిర్యాదు చేయండి, ఊరుకోవద్దు. కోచింగ్ పాఠాలు ఇలాగే పంచుతున్న ఛానళ్ల కేసులో 2022లో ఢిల్లీ హైకోర్టు ఆ నడిపేవాళ్ల వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌ని ఆదేశించింది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు మీదే, కానీ 500 రూపాయలు కట్టి చేయించుకుంటే ఫిర్యాదులో చూపించడానికి కాగితం ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, తేదీలూ రాజుల పేర్లూ ఎవరి సొత్తూ కాదు, మీరు వాటిని చెప్పిన తీరు, అమర్చిన వరస మాత్రమే మీది. పక్క ఇన్‌స్టిట్యూట్‌వాడు అవే విషయాలు తన మాటల్లో రాసుకుంటే ఏమీ చేయలేరు. నోటిఫికేషన్ వచ్చిన వారం నుంచి పరీక్ష దాకా వారానికోసారి ఛానళ్లు వెతకండి. ఆ తర్వాత మానేయండి, మీ టైమ్ అంతకంటే విలువైనది.

పైరసీ మీద నాకు పూర్తిగా కోపం రాకపోవడానికి ఒక కారణం ఉంది, చెబితే మా అసోసియేషన్‌లో తిడతారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా గోడౌన్‌లో నడుము లోతు నీళ్లు వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే పుస్తకాలు ఇడ్లీల్లా ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని గోడల్ని నెడుతున్నాయి. ముప్పై ఏళ్ల నాటి మా మొదటి వ్యాకరణ పుస్తకం ఆఖరి నాలుగు కాపీలూ అందులోనే పోయాయి. అది చేత్తో అక్షరాలు కూర్చి వేసింది, ఫైల్ అంటూ లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులన్నీ వెతికించాను, దొరకలేదు. చివరికి మా అబ్బాయి టెలిగ్రామ్‌లో పట్టుకున్నాడు. ఎవరో పుణ్యాత్ముడు కవరుతో సహా శుభ్రంగా స్కాన్ చేశాడు. దాన్ని చూసి మళ్లీ కంపోజ్ చేయించి ఈ జనవరి పుస్తక మహోత్సవానికి రెండు వందలు వేశాను. ఆ స్కాన్ పెట్టినవాడి మీద ఫిర్యాదు చేయలేదు.

మీ 1,300 కాపీలు తుక్కుకి వేయకండి. అచ్చు ఖర్చు ఎటూ అయిపోయింది, ఇక వచ్చిందంతా రాబడే. కొత్త సిలబస్ వస్తే మారిన భాగాలకి పదహారు పేజీల అనుబంధం వేసి పుస్తకంలో పెట్టి, 150కి నేరుగా అమ్మండి, షాపుకి కమీషన్ ఇవ్వక్కర్లేదు కాబట్టి మీ చేతికి మునుపటి 150 వస్తుంది. అప్పటిదాకా కట్టలు నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. కింద చెక్కలు వేసి, గోడకి జానెడు ఎడం వదిలి, నెలకోసారి చెదలు చూసుకోండి.